మోతి ఒంటిమీద పులి రంగు

రండి, ఇంకా దగ్గరికి జరిగి కూర్చోండి. చాప మీద చోటుంది. ఇది నవ్వుకునే ముచ్చట కాదు. చెప్పేటప్పుడు నా గొంతు పెరిగితే జడుసుకోకండి, ఆ కోపం మీ మీద కాదు.

నా చిన్నప్పుడు మేము బోధన్ దగ్గర ఒక పల్లెలో, చెరుకు తోటల నడుమ ఉండేవాళ్లం. మా ఇంట్లో మోతి అని ఒక కుక్క ఉండేది. ఎర్రటి ఒళ్లు, తెల్లటి మూతి. చెరుకులోకి అడవిపందులు వస్తే అదే మొరిగి తరిమేది. నేను గడ్డిమోపు ఎత్తుకుని వస్తుంటే కాలువ గట్టు దాకా ఎదురొచ్చేది. ఇంట్లో నాకంటూ ఉన్నది అదొక్కటే అనుకునేదాన్ని.

మా ఊళ్లో పీర్ల పండుగ అంటే హిందువులకూ పండుగే. జ్వరం తగ్గితేనో, పంట చేతికొస్తేనో పులి వేషం కడతామని మొక్కుకునేవాళ్లు. ఆ ఏడు మా చిన్నబాపు, అంటే మా నాన్న తమ్ముడు, పులి అయ్యాడు. పొద్దున్నే రంగులాయన వచ్చి ఒళ్లంతా పసుపు రంగు పూసి నల్లచారలు దిద్దాడు. చెమటకు కారిపోకుండా అందులో వార్నిష్ కలిపేవాళ్లు. అంతా అయ్యాక డబ్బాలో కొంచెం రంగు మిగిలింది.

పులికి పిల్ల కూడా ఉండాలి కదా అన్నాడు చిన్నబాపు దోస్తు ఒకడు. అంతే, అందరూ విరగబడి నవ్వారు. మోతిని నేలకు అదిమిపట్టి చెవుల నుంచి తోక దాకా పూసేశారు. నేను ఏడుస్తూ అడ్డం పడితే, "జరుగే పోరీ, అది గూడ పండుగ జేసుకుంటది" అని పక్కకు తోశారు. అంతమంది పెద్దవాళ్లున్నారు, ఒక్కరంటే ఒక్కరు వద్దనలేదు. ఇప్పటికీ నాకు మండేది అదే.

మెడకు తాడు వేసి, గజ్జెలు కట్టి డప్పుల నడిమికి లాక్కుపోయారు. డప్పు చెవి పక్కన మోగేసరికి మోతి తాడు తెంపుకుని చెరుకులోకి దూరిపోయింది. వెనకాల ఎవరూ పోలేదు. వాళ్ల ఆట వాళ్లది.

నేను పరుగెత్తి మా నాయనమ్మకు చెప్పాను. ఆమె కలుపు తీస్తున్నది. ఉన్నపళంగా లేచింది. ఇద్దరం చెరుకు సాళ్లలో చెవులు రిక్కించి, గజ్జెల చప్పుడు పట్టుకుని వెతికాం. దొరికేసరికి మోతి తన ఒళ్లు తాను నాకుతున్నది. మూతి నిండా నురగ. కక్కుకుంటున్నది, మళ్లీ నాకుతున్నది.

నాయనమ్మ దాన్ని ఎత్తుకుని ఇంటికి తెచ్చింది. అప్పటికే చిన్నబాపు, దోస్తులు వాకిట్లో ఉన్నారు. పులి వేషం కట్టినవాళ్లు ఆట అయ్యాక కిరసనాయిలుతో రంగు కడుక్కునేవాళ్లు. మాకు తెలిసిన పద్ధతి అదే. చిన్నబాపు తన కోసం పెట్టుకున్న సీసా తీసి, సాయం చేస్తున్నాననుకుని మోతి వీపు మీద గుమ్మరించాడు. అది పెట్టిన అరుపు నా చెవుల్లో ఇంకా ఉంది.

"ఒళ్లు కాల్తదిరా దానికి! నాకితె అది గూడ కడుపులకు పోతదిరా!" అని నాయనమ్మ సీసాను ఒక్క తన్ను తన్నింది.

"కుక్కనే గదనే అవ్వా. రెండు దినాలు నాకుకుంటె అదే పోతది," అన్నాడు చిన్నబాపు తన తల్లితో.

నాయనమ్మ పాత గంప అడుగు కోసేసి, నాకకుండా మోతి మెడకు తొడిగింది. పల్లినూనె రాసి రంగును మెత్తబరిచి, శనగపిండితో రుద్ది, గోరువెచ్చటి నీళ్లతో కడిగింది. ఊడనిచోట వెంట్రుకలు కత్తిరించింది. పొద్దు వాలేదాకా అదే పని. నేను నీళ్లు మోశాను.

అప్పుడు చిన్నబాపును పిలిచి పీట వేసింది. తన రంగు కూడా కడుగుతుందేమోనని అతను వచ్చి కూర్చున్నాడు. ఆమె అతని చెయ్యి పట్టి, చారల ముంజేతిని అతని నోటి దగ్గరే పెట్టింది.

"నాకితె పోతదంటివి గద బిడ్డా. నాకు."

దోస్తులు నవ్వారు. ఆమె నవ్వలేదు, చెయ్యి వదల్లేదు. తల్లి మాట కాదనలేక నాలుక ఆనించాడు. వెంటనే ఉమ్మాడు, వాంతి పట్టలేక గోడ దిక్కు పోయాడు. నవ్వులు ఆగిపోయాయి.

"నువ్వు ఉమ్మేసినవు. దానికి ఉమ్ముడు రాదురా. నువ్వు మొక్కుకున్నవు, పులివైనవు. అది మొక్కుకున్నదా?"

మోతి బతికింది. కానీ కిరసనాయిలు పడ్డచోట వీపు మీద మళ్లీ వెంట్రుక మొలవలేదు. చిన్నబాపు రొట్టె పట్టుకుని పిలిచినా దగ్గరికి పోయేది కాదు. అతను అట్లా చెయ్యి చాపి చాలాసేపు నిలబడేవాడు. మరుసటి ఏడు డప్పు మోగకముందే మోతిని లోపలి అర్రలో పెట్టి, గిన్నెలో నీళ్లుంచి గొళ్లెం వేసింది అతనే.

ఇప్పుడు నేను నిజామాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. మా గల్లీ పిల్లలు ఈ మధ్య హాలోవీన్ అని దయ్యం ముసుగులు వేసుకుని ఇంటింటికీ చాక్లెట్లకు తిరుగుతున్నారు. తిరగనీ, పిల్లలకు ఆట కావాలి. కానీ మొన్న ఎదురింటి వాకిట్లో ఒకామె ఫోటో కోసం తన కుక్కపిల్లకు నల్లగుడ్డ చుట్టి, మొరగకుండా మూతికి రబ్బరుబ్యాండు వేసింది. నేను చెప్పులు కూడా తొడుక్కోకుండా మెట్లు దిగి పోయాను.

"సరదాకే ఆంటీ" అన్నది.

"సరదా నీది, ఊపిరాడనిది దానికి. తియ్యి!" అన్నాను. తీసేదాకా కదల్లేదు. చాక్లెట్లకు వచ్చేపోయే పిల్లలతో తలుపు తెరిచే ఉంటుంది, కుక్కపిల్లను లోపలి గదిలో ఉంచమన్నాను. చాక్లెట్ కుక్కకు విషమని పశువుల డాక్టరు చెప్పిన మాట కూడా చెప్పాను.

ముసలామెకు కోపమెక్కువ అంటున్నారట. అననీ. నోరులేని ప్రాణి మీద జరిగే పండుగను చూస్తే, నన్ను పక్కకు తోసిన ఆ చేతులు ఇప్పటికీ నా భుజానికి తగులుతాయి. ఇప్పుడు నేను జరగను.

మీ ఇంట పొయ్యి ఆరకుండా ఉండాలి. మీ గడప లోపలున్న మనిషీ, పశువూ, పిట్టా ఏ పండుగ నాడూ భయంతో నక్కకుండా, కడుపు నిండి కళ్లు మూసి నిద్రపోవాలి.