మిరపకోతకు పోని గూడెం

మా మేడం పోయారని మొన్న ఆదివారం పొద్దున ఫోనొచ్చింది. చేసింది మా పాత జీపు డ్రైవరు, సారపాక నుంచి. దహనం కూడా అయిపోయిందట. ఇంత ఆలస్యంగానా చెప్పేది అని అతని మీద అరిచాను. ఫోను పెట్టేశాక ఏడ్చాను.

మీలో ఎవరికీ ఆమె తెలియదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, భద్రాచలం అడవి అంచు గూడేల్లో క్షయ రోగులకు మందులిచ్చే ఒక చిన్న సంస్థలో లెక్కలు చూసేవారు. సొంతూరు మధిర. నేను ఆమె కింద కంప్యూటరు ముందు కూర్చునేవాణ్ణి. మోకాళ్ల నొప్పికి చీర కిందే కాన్వాసు బూట్లు వేసుకునేవారు. టీ పూర్తిగా చల్లారాకే తాగేవారు, అదేం రుచో నాకిప్పటికీ అంతుపట్టలేదు. కంప్యూటరు తెర మీద దుమ్ము కనబడితే ముందు కొంగుతో తుడిచి, ఆ తర్వాత తీరిగ్గా నన్ను తిట్టేవారు.

మా పని చెప్పడానికి తేలికే. ఒక్కో రోగికి రెండు గడులు. మందు మొదలుపెట్టాక ఎన్ని నెలలు చూశామన్నది ఒకటి. చివరికి ఏమైందన్నది రెండోది: చనిపోతే ఒకటి, మేం ఆఖరుసారి చూసేనాటికి చనిపోకపోతే సున్నా. సున్నా పెట్టినవాళ్ల నెలల పక్కన సాఫ్ట్‌వేర్ ఒక ప్లస్ గుర్తు వేసి చూపించేది. మేడం దాన్ని "ఆపైన" అని చదివేవారు. నాలుగు నెలలు, ఆపైన. ఏడు నెలలు, ఆపైన.

పెద్దాఫీసు నుంచి వచ్చిన ఒకాయన, ప్లస్‌లన్నిటినీ బతికున్నవాళ్లలో కలిపేయమన్నాడు. రిపోర్టు అందంగా ఉంటుందట.

"ప్లస్ అంటే బతికున్నారని కాదయ్యా," అన్నారు మేడం. "మనం చూడటం ఆపేశామని."

ఇప్పుడు నేను వేరే దవాఖానాలో అదే పని చేస్తున్నాను. సున్నా కొట్టే ముందు ఒక్క క్షణం నా చెయ్యి ఆగుతుంది. అది ఆమె పెట్టిన భిక్షే.

మా వైపు గూడేల జనం ఏటా మిరప కోతలకు మైదానం ఊళ్లకు వెళ్తారు. ఆ రోజుల్లో ఎవరు కనబడకపోయినా "మిర్చికి పోయిన్రు" అని రాసుకొచ్చి సున్నా పెట్టడం మా అలవాటు. వెళ్లినవాళ్లకూ ఉన్నవాళ్లకున్నంతే చావు ముప్పు అనుకుని సాఫ్ట్‌వేర్ తన లెక్క తాను కట్టేది. ఎవరికీ అనుమానం రాలేదు.

ఒక మధ్యాహ్నం జాబితా చూస్తూ మేడం ఒక గూడెం దగ్గర ఆగిపోయారు. ఆ గూడెంలో ప్రతి పేరుకూ ప్లస్సే. అన్నీ ఇంచుమించు ఒకే సమయంలో. ముసలివాళ్లు కూడా మిరపకాయలు కొయ్యడానికి వెళ్లారా అని మా ఫీల్డు వర్కర్ని అడిగారు. అతను తల దించుకున్నాడు.

"నేను ఆడిదాక పోలే, మేడం. పక్క గూడెమోళ్లు చెప్తె రాసిన."

మేడం తిట్టలేదు. తిట్టకపోయేసరికి నాకు భయమేసింది.

మర్నాడు బయల్దేరాం. జీపు ఆగినచోటి నుంచి నడక. గూడెంలో ఇళ్లన్నీ నిలబడే ఉన్నాయి. పొయ్యిల్లో గడ్డి మొలిచింది. రోట్లో రోకలి అలాగే ఉంది. కుక్క కూడా లేదు. ఫీల్డు వర్కరు బయటే నిలబడిపోయాడు.

"వరుసగ చావులైతే గూడెం కదులుతది, మేడం. ఆ నేల మీద ఉండరు. మనం గూడ ఉండొద్దు, పోదాం."

మిరపకు పోయేవాళ్లు ఒంట్లో సత్తువ ఉండి పోతారు. వీళ్లు చావు తరిమితే పోయారు. మా కంప్యూటరుకు రెండూ ఒకటే సున్నా.

గుట్ట అవతల, ఇంకో వాగు పక్కన కొత్త పాకలు దొరికాయి. పాకల కంటే ముందు దగ్గు వినిపించింది. ఒక ముసలాయన పోయినవాళ్ల పేర్లు చెబుతుంటే మేడం ఒక్కొక్క పేరూ మళ్లీ పలికి, అవునా అని అడిగి, నాచేత రాయించారు. మిగిలినవాళ్లకు మాత్రలు ఎప్పుడో అయిపోయాయి. రేపు మందులతో వస్తాను, కదలొద్దు అని మేడం బతిమాలారు. ముసలాయన కోయ భాషలో ఏదో అన్నాడు. ఫీల్డు వర్కరు మాకు తెలుగులో చెప్పాడు.

"నిన్న గూడ ఒగడు పోయిండంట. ఇగ ఈడ ఎట్లుంటం అంటుండు."

మర్నాడు ఎంత జల్దీ వెళ్దామన్నా వాగు ఒడ్డు చేరేసరికి ఎండెక్కింది. అవతల పాకల మీద వెదుళ్లు దించేశారు. నెత్తిన గంపలతో జనం వరుసగా చెట్లలోకి వెళ్లిపోతున్నారు. ఇక అయిపోయిందనుకున్నాను.

మేడం కుచ్చిళ్లు ఎగ్గట్టి, మందుల సంచి నెత్తిన పెట్టుకుని, బూట్లతోనే వాగులోకి దిగారు. నడుమ దాకా వెళ్లి నిలబడి, బతికున్నవాళ్ల పేర్లు ఒక్కొక్కటే కేకేయడం మొదలుపెట్టారు. గొంతు జీరపోయింది. ఎవరూ ఆగలేదు. ఆమె ఇంకో పేరు పిలిచారు. చెట్ల మొదట్లో, చంకన పిల్లతో ఉన్న ఒకామె నడక ఆపి వెనక్కి తిరిగి చూసింది.