బుడగలు ఆగిన ఉదయం

ఆ శుక్రవారం ఉదయం నైట్రోజన్ ఆగిపోవడం నేను చూశాను. చూసి ఊరుకున్నాను. ఈ మాట ముందు ఒప్పుకుంటే గానీ మిగతాది రాయలేను.

విజయనగరం దగ్గర ఒక కళాశాలలో మా ప్రయోగశాల. లోహాలకు కర్బన అణువులు జోడించి కొత్త సమ్మేళనాలు తయారుచేయడం మా పని. వాటిలో చాలావరకు గాలి తగిలితే పాడైపోతాయి. అందుకే సీసాలోకి గాలి రాకుండా నైట్రోజన్ పంపుతాం. అది సరిగా వస్తోందనడానికి గుర్తు, గొట్టం చివర నూనెలో లేచే బుడగలు.

పక్క బల్ల దగ్గర పనిచేసే అధ్యాపకురాలిది గరివిడి. నాకంటే పదిహేనేళ్లు చిన్నది. ఆమె పని మాంగనీసుతో, నాది నికెల్‌తో. ఇరవై ఏళ్లుగా నా సీసాల అడుగున మిగిలేది నల్లటి జిగురే. ఆమెకు ఉద్యోగంలో చేరిన రెండో ఏడే లేత పసుపు స్ఫటికాలు కట్టాయి.

"ఏటి సారూ, ఆవిడ సీసాలో పటికబెల్లం, మీ సీసాలో తారు!" అన్నాడు మా అటెండరు. అందరితోపాటు నేనూ నవ్వాను. ఆ రాత్రి అన్నం సహించలేదు. ఆ తరవాత ఆమె కూనిరాగం తీస్తూ సీసాలు కడుక్కుంటున్నా నాకు ఒళ్లు మండేది.

ఆ స్ఫటికాలు మరీ చిన్నవి. ఎక్స్-రేతో వాటి నిర్మాణం తేలాలంటే పెద్దవి పెంచి సోమవారానికి హైదరాబాదు పంపాలి. అక్కడి యంత్రం మీద వంతు దొరకడానికే ఆమెకు ఆర్నెల్లు పట్టింది. మూడు నెలలు కష్టపడి చేసుకున్న సరుకంతా ఒక్క సీసాలో పోసి, స్ఫటికాలు పెరగడానికి మంచులో పెట్టి, టిఫినుకి వెళ్లింది. అప్పుడే సిలిండరు ఖాళీ అయి బుడగలు ఆగాయి. చల్లబడే సీసా బయటి గాలిని లోపలికి లాక్కుంటుంది. పక్కనే నిండు సిలిండరు ఉంది. దాని కవాటం నా చేతికి అందే దూరంలోనే ఉంది. నేను పేపరు పట్టుకుని వరండాలోకి వెళ్లి కూర్చున్నాను. చదివింది ఒక్క ముక్కా బుర్రకెక్కలేదు.

తిరిగొచ్చేసరికి సీసాలో అంతా గోధుమరంగు. ఆమె దాని ముందే నిలబడి ఉంది.

"నా సేతకానితనమే సార్. సీసా కుళాయికి గ్రీజు సరిగ్గా రాయనేదు కామోసు, గేసంతా కారిపోనాది," అంటూ నోటుబుక్కులో అదే కారణం రాసుకుంటోంది.

"రాయకమ్మా. బుడగలు ఆగడం నాను సూసినాను."

"సూసి ఎలిపోనారా?"

"ఎలిపోనాను."

"ఎందుకు సార్? నానేటి సేసినాను మీకు?"

"నీకు కట్టాయి, నాకు కట్టనేదు. అంతే."

ఆమె చేతిలో కలం బల్లమీద పెట్టింది. తరవాత నోటుబుక్కు నా వైపు తోసింది. "అయితే మీరే రాయండి."

ఆమె రాసిన వాక్యం కొట్టేసి, జరిగింది జరిగినట్టు రాసి సంతకం చేశాను. అదే పేజీ మా విభాగాధిపతికి చూపించాను. ఆయన తిట్టిన తిట్లు పడ్డాను. అప్పటికి ఇంకో రెండు నెలల్లో ఆ యంత్రం మీద నాకూ ఒక వంతు రావలసి ఉంది. పెట్టడానికి నా దగ్గర ఒక్క స్ఫటికం లేకపోయినా దాన్ని ఎవరికీ వదలకుండా పట్టుకుని ఉన్నాను. అది ఆమె పేరుకు మార్పించాను.

సోమవారం నుంచి రోజూ క్లాసులయ్యాక ఆమె బల్ల దగ్గరే నిలబడి, పోయిన సరుకు మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టాను. ఆమె నన్ను నమ్మలేదు.

"సీసా ఆరబెట్టారా సార్?"

"రెండుసార్లు."

"ఏదీ, సూపించండి."

చూపించాను.