రెండు చుక్కల మధ్య దూరం

నగర రవాణా కార్యాలయంలో పటాలు గీసే ఆమెను తోటివాళ్ళు ‘గీతలమ్మ’ అనేవారు. వంకర అంటే ఆమెకు గిట్టదు. పాత పటంలో బస్సు దారులూ రైలు దారులూ పిల్లి ఆడుకున్న దారపుండలా ఉండేవి. ఆమె వాటిని తిన్నగా సాగదీసి, దారికో రంగు వేసి, చదువురానివాళ్ళు కూడా వేలు పెట్టి పోల్చుకునేలా చేసింది. ప్రతి బస్‌స్టాపులోనూ ఇప్పుడు అదే పటం.

అందరికంటే మురిసిపోయింది అత్తగారు. కొడుకు ఊళ్ళో లేని రోజున కంటి డాక్టరు దగ్గరికి తానే బయల్దేరింది.

“ఆగండత్తయ్యా, నేను సెలవు పెడతాను.”

“నువ్వు గీసిన పటం ఉండగా నువ్వెందుకే? ఎర్ర బస్సు దిగడం, పక్కనే ఆకుపచ్చ రైలెక్కడం. కళ్ళు మూసుకుని పోతా. మరి అలాంటి కళ్ళకి డాక్టరెందుకని మాత్రం అడక్కు!”

మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి ఫోను. పెద్దావిడ ఇంకా రాలేదట. అత్తగారి ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. ఇంట్లో మరిచిపోయి ఉంటుంది. గీతలమ్మ చేతిలో పని అక్కడే వదిలేసింది. పరుగున వెళ్ళి ఎర్ర బస్సెక్కింది.

చివరి స్టాపులో దిగి చూస్తే స్టేషను కనబడలేదు. పటంలో రెండు చుక్కల మధ్య బియ్యపుగింజంత ఎడం. గీతలు ముచ్చటగా కలుస్తాయని స్టేషనును ఆమే దగ్గరికి జరిపింది. ఇక్కడ ఏనాడూ కాలు పెట్టలేదు. ఎదురుగా లారీలు పోయే రోడ్డు. నడవడానికి జాగా లేదు. పక్కనే లోతైన మురుగు కాలవ. ఆ చివరెక్కడో గోరంత స్టేషను కప్పు.

ఒక లారీ ఒరుసుకుంటూ పోయింది. కాలవ గట్టున ఒంటి చెప్పు పడి ఉంది. గోధుమరంగు. అత్తగారివీ గోధుమరంగువే. కాలవలోకి తొంగి చూడ్డానికి ధైర్యం చాల్లేదు. చూడక తప్పలేదు. నల్లటి నీళ్ళు. చెప్పు చేతిలోకి తీసుకుంది. మగవాళ్ళ చెప్పు! అయినా ఇంకోసారి కాలవలోకి చూసింది.

ఇంకొంచెం ముందు, లారీలు తూచే కాటా గదిలోంచి ఒకాయన చెయ్యి ఊపాడు.

“పెద్దావిడ కోసమేనా అమ్మా? రోడ్డు మధ్యలో బిగుసుకుపోయింది. లారీవాడు హారన్ కొట్టినా కదల్దే! నేనే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చా.”

లోపల అత్తగారు సంచీని గుండెకు అదుముకుని కూర్చుంది.

“ఎంత నడిచినా స్టేషను రాలేదే. పటంలో పక్కనే ఉందిగా. నా చూపు పూర్తిగా పోయిందనుకున్నా.”

“మీ చూపు బాగానే ఉందత్తయ్యా. నేనే తప్పు గీశాను.”

“ఊరుకో. నన్ను ఊరడించకు.” ఆవిడ నమ్మలేదు.

మర్నాడు గీతలమ్మ పై అధికారికి జరిగింది చెప్పింది. కొత్త పటం అచ్చయ్యేదాకా ‘ఇక్కడి నుంచి స్టేషనుకు నడవకండి’ అని ఆ దారి స్టాపులన్నింటా కాగితాలు అంటించింది. తర్వాత, దారులు కలిసే ప్రతి చోటా తాను నడిచి చూశాకే గీసింది. “పాతదంత అందంగా లేదు” అన్నాడు అధికారి. ఆమె దాన్నే అచ్చుకు పంపింది.

మధ్యాహ్నం పూట ఆఫీసులో ఫోను మోగితే ఇప్పటికీ ఆమె చెయ్యి ఆగిపోతుంది. అత్తగారు వీధి మలుపు దాకా వెళ్ళాలన్నా కోడలి చెయ్యి వదలదు.