పసుపు మీద ఎండ

మా ఆవిడ దగ్గర కాలేజీలో ఫొటోగ్రఫీ నేర్చుకుని, ఇప్పుడు అదే కాలేజీలో పాఠాలు చెబుతున్న అమ్మాయి మొన్న ఫోన్ చేసి, "అంకుల్, మేడమ్ చేసిన పసుపు బొమ్మలు ఎగ్జిబిషన్‌లో పెడతాం, ఎన్నున్నాయి?" అని అడిగినప్పటినుంచి నాకు అన్నం సహించడం లేదు.

అమెరికాలో మా ఎడిసన్ ఊళ్లో ఫొటో అంటే పెళ్లిదో పుట్టినరోజుదో అనుకునే రోజుల్లో, మంచాన పడ్డ మా అమ్మకు ఏళ్ల తరబడి చాకిరీ చేస్తూ, కెమెరాను స్టూలు మీద పెట్టుకుని ఆ చాకిరీనే ఫొటోలు తీసిందావిడ. ముఖాలు కాదు, ఒళ్లు తుడిచే చెయ్యి, దుప్పటి పిండే చెయ్యి, మాత్ర చిదిమే చెయ్యి. ఫొటోలు కడిగే మందునీళ్లు సింకులో పోస్తే ఏట్లో చేపలు చస్తాయని, కాగితానికి పసుపు పూసి, పైన ఫిల్ము పరిచి, పెరట్లో ఎండబెట్టి బొమ్మ తెప్పించేది. స్నేహితులు నవ్వితే నేనూ నవ్వి, బెడ్‌పాన్ కూడా ఆర్టేనా అన్నాను. "ఓసారి ఎత్తి చూడండి, తెలుస్తుంది," అంది.

తర్వాత ఏదో పత్రిక మెచ్చుకుంటూ రాసేసరికి నాకు పొగరెక్కింది. ఒక వేసవిలో ఆవిడ పాఠాలు చెప్పడానికి వేరే ఊరు వెళ్తే, పెట్టెలోని బొమ్మలన్నిటికీ ఫ్రేములు కట్టించి, ముందుగదిలో ఎండ బాగా పడే గోడకు తగిలించి, నవ్వినవాళ్లందరినీ భోజనానికి పిలిచాను. బడి లేకుండానే యంత్రాల పుస్తకాలన్నీ నమిలి మింగిన ఈ పెద్దమనిషి, ఎండ తెచ్చిన బొమ్మను ఎండే తినేస్తుందన్న సంగతి పెళ్లాన్ని అడిగి తెలుసుకోలేదు. ఆవిడ తిరిగొచ్చేసరికి గోడ నిండా పాలిపోయిన కాగితాలు. ఫిల్ములేమో, ఒక్కోదానికి ఒకే బొమ్మ ఉండాలని పట్టుబట్టి ఎప్పుడో కత్తిరించేసింది. "అత్తయ్య పనికి ఏనాడూ చెయ్యి వెయ్యలేదు గానీ, ఫ్రేములు బాగా కట్టించారండీ," అంది.

నా కంటపడని ఒక్క బొమ్మ నల్ల కవరులో మిగిలింది. అది ఉందని ఆ అమ్మాయికి చెప్పలేదు. ఇప్పుడు మంచంలో ఉన్నది ఆవిడ. మాట పోయింది, నన్ను గుర్తుపట్టదు. ఒళ్లు ఒరిసిపోకుండా పక్కకు ఎలా తిప్పి పడుకోబెట్టాలో మా ఈడు మగవాళ్లకు ఎవరు నేర్పారు? ఫోన్‌లో వీడియోలు బోలెడున్నాయి గానీ, నేను తిప్పితే మూలుగుతుంది. అందుకని రోజుకొకసారి ఆ కవరు తెరిచి, మా అమ్మ వీపు కింద ఆవిడ చెయ్యి ఎలా పెట్టిందో చూసి, గబుక్కున మూసేస్తాను. చూసిన ప్రతిసారీ అది ఇంకాస్త పలచబడుతోంది. ఆ రోజుల్లో ఆ చెయ్యి పక్కగదిలోనే ఉండేది. చదివే పేపరు పక్కన పెట్టి లేచి వెళ్తే చాలు, కావలసినంతసేపు చూడనిచ్చేది.