జాడీ మీద పేరు, కాగితం మీద పేరు

ఈ ఉదయం మా షెడ్డులో ఎండుమిరపకాయలు వేయిస్తుంటే, ఆ ఘాటుకు పనిలో ఉన్న ఆడవాళ్లంతా దగ్గారు. నాకు మాత్రం నవ్వొచ్చింది. పాతపట్నంలో హసీనా ఆపా కారాల కొట్టులో అడుగుపెట్టిన ప్రతివాళ్లూ ఇలాగే దగ్గేవాళ్లు. ఆమె గల్లాపెట్టె వెనక దర్జాగా కూర్చుని, "దగ్గొచ్చిందంటే సరుకు మంచిదే" అనేది. ఆమె పోయాక కూడా ఆ ఘాటు తగిలితే చాలు, పక్కనే నిలబడినట్టుంటుంది నాకు.

మాది జాలరిపేట. వేటకు వెళ్లేది మగవాళ్లయినా, చేపలమ్మేదీ డబ్బు నడుముకు దోపుకునేదీ మా ఆడవాళ్లే. పడవ కాగితాలు మాత్రం మగవాళ్ల పేరునే ఉంటాయి. సొమ్ము మన దగ్గరుండగా పేరెవరిదైతేనేం అని మా ధీమా. రొయ్యల పచ్చడి వ్యాపారం మొదలుపెట్టినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. లైసెన్సు, షెడ్డు అద్దె ఒప్పందం తన పేరున తీయిస్తానని మరిది అప్పలరాజు అంటే సరేనన్నాను. కారం కొనడానికి వెళ్లి ఆ సంగతి చెప్పగానే ఆపా తూకం ఆపేసింది.

"జాడీ మీద ఏటి పేరు?"

"పోలమ్మ పచ్చడి. నా పేరే, ఆపా."

"జాడీ మీద పోలమ్మ, కాయితం మీద అప్పలరాజా?"

"డబ్బులు నా కాడే ఉంటాయి కదా."

"మా ఆయన పోయిననాడు ఈ కొట్టు తాళం నా కాడే ఉంది. లైసెన్సు ఆల తమ్ముడి పేరునుంది. నా కొట్లోకి నాను రావడానికి కోర్టు సుట్టూ తిరిగినాను. నీకూ ఆ సరదా ఉందేటి?"

అప్పటికప్పుడు కొట్టు మూసి నన్ను ఆటో ఎక్కించింది. లైసెన్సు ఆఫీసులో గుమాస్తా మా వెనక్కి చూస్తూ, "ఓనరుగారు రాలేదామ్మా?" అన్నాడు.

"నీ ముందే ఉంది బాబూ. సంతకం ఎక్కడెట్టాలో సెప్పు" అంది ఆపా.

లైసెన్సు నా పేరున వచ్చింది. అద్దె ఒప్పందం కూడా నేనే రాయించుకున్నాను. ఆపాకు తెలిసిన వకీలు పచ్చడి పేరును రిజిస్టరు చేయించాడు. "నా మీద నమ్మకం లేదా వదినా" అని మరిది మూతి ముడుచుకున్నాడు. షెడ్డు తెరిచిన రోజు ఆపా ఒక అద్దాల ఫ్రేము తెచ్చి, "నిమ్మకాయలు తరవాత కడుదువు. ముందు లైసెన్సు తగిలించు" అంది.

మా జాడీలు ఉక్కునగరం క్వార్టర్ల దాకా వెళ్లాక, మరిది ఒక పెద్ద వ్యాపారిని షెడ్డుకు తీసుకొచ్చాడు. వ్యాపారం తనదేనని చెప్పి, పేరుతో సహా అమ్మడానికి మాటిచ్చేశాడట. "మీరు ఇక్కడే పని చేసుకోండమ్మా, జీతమిస్తాం" అన్నాడా వ్యాపారి నాతో. మా ఆడవాళ్లు గరిటెలు వదిలేసి నా వైపే చూస్తున్నారు. నేను గోడ మీది ఫ్రేము చూపించి, మిగతా కాగితాలు అతని ముందు పెట్టాను. అన్నీ చదివి, అతను మరిదితో "మీ పేరెక్కడా లేదేమిటండీ?" అన్నాడు. మరిది గుమ్మానికి కట్టిన నిమ్మకాయల్ని పరీక్షగా చూస్తూ ఉండిపోయాడు. నా జన్మలో అంత సంతోషం ఎరగను. ఆ వ్యాపారే తర్వాత మళ్లీ వచ్చి, నేను చెప్పిన ధరకు సరుకు కొనుక్కున్నాడు. ఆ సంగతి చెబితే ఆపా కారం తూస్తూనే, "ఇప్పుడు దగ్గు ఆలకొచ్చింది" అంది.

మా దగ్గర పని నేర్చుకున్న నూకాలు ఈరోజు సొంతంగా ఎండుచేపల దుకాణం తెరిచింది. నేను వెళ్లేసరికి వాళ్లాయన నిచ్చెనెక్కి నిమ్మకాయలు కడుతున్నాడు. అతన్ని దిగమని, నేను తీసుకెళ్లిన అద్దాల ఫ్రేము నూకాలు చేతికిచ్చాను. తన పేరున్న లైసెన్సును అందులో పెట్టి, నూకాలే నిచ్చెనెక్కి తగిలించింది.