చిన్నమ్మ నింపిన సముద్రం

మొన్న ఆదివారం నాతో పనిచేసే మిత్రుడొకడు ఫోను చేసి, తన చిన్న ఉప్పునీటి తొట్టిలోని చేపలనూ పగడాలనూ పెద్ద తొట్టిలోకి మార్చాలనుకుంటున్నాననీ, ఏది ముందు, ఏది వెనక అన్నది వరుసగా చెప్పమనీ అడిగాడు. ఇలాంటివి వరుస వేసి చెప్పడమంటే నాకు మహా ఇష్టం. రాళ్లు, ఇసుక, పంపు, లైటు అంటూ ఉత్సాహంగా మొదలుపెట్టినవాణ్ని, కొత్త నీళ్లు కలిపే డ్రమ్ము దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపుకోలేక, మళ్లీ చేస్తానని ఫోను పెట్టేశాను.

ఆ నవ్వుకు కారణమైన సంగతి జరిగినప్పుడు మేము డిండోలి అనే మగ్గాల బస్తీలో ఉండేవాళ్లం. బాపు, చిన్నాయన ఒకే కార్ఖానాలో మరమగ్గాలు నడిపేవాళ్లు. రెండు కుటుంబాలదీ ఒకటే ఇల్లు. నేను డిప్లొమా ముగించి, కొలత పరికరాలు సరిచేసే ఉద్యోగంలో కొత్తగా చేరాను. ఆ రోజుల్లో పట్టిన పిచ్చే ఆ తొట్టి. పాతకాలపు చిన్న టీవీ అంత అద్దాల పెట్టెలో నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న క్లౌన్ చేపల జత, పుట్టగొడుగులా విచ్చుకునే మెత్తని పగడం ఉండేవి. తెచ్చిన రోజు బొటనవేలి గోరంత ఉన్న ఆ పగడం పెరిగి పెరిగి పక్క రాతిని కూడా కమ్ముకుంటుంటే, ఇక ఆగలేక పెద్ద తొట్టి కొన్నాను. డుమస్ కాడ అంత సముద్రం ఉంచుకొని, ఉప్పు పొడి కొనుక్కొచ్చి ఇంట్ల సముద్రం చేసుడేందిరా అని చిన్నాయన వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేవాడు.

నల్లా వచ్చే వేళ బస్తీ ఎలా ఉండేదో మా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు. మోటార్లన్నీ ఒక్కసారే మోగేవి. పొయ్యి మీద కూర మాడినా సరేనని ఆడవాళ్లు పైపు పట్టుకునేవాళ్లు. ఆ వేళలో బిందె గానీ బకెట్టు గానీ వెలితిగా కనపడితే ఆ ఇంటి ఇల్లాలికి నామోషీ.

తొట్టి మార్చే రోజు పొద్దున్నే శుద్ధి చేసిన నీళ్లలో ఉప్పు కలిపి డ్రమ్ము ముప్పాతిక వరకే నింపాను. లోపల పంపు తిరిగినప్పుడు పైకి పొర్లకుండా ఆ పాతిక కావాలనే వదిలాను. చేపలనూ పగడాన్నీ పాత నీళ్లతో సహా బకెట్టులోకి మార్చి, గాలి బుడగల యంత్రం పెట్టాను. బాపు, చిన్నాయన, పై అంతస్తు మామ కలిసి కొత్త తొట్టిని బల్ల మీదికి ఎత్తారు. చేతులు దులుపుకొని హుషారుగా డ్రమ్ము దగ్గరికి వెళ్తే, అది అంచుదాకా నిండి తళతళలాడుతోంది. పక్కనే పైపు కారుతోంది.

"ఎవరు నింపిండ్రు?"

"నేనే. ఎల్తి ఉన్నది చూసిన. నల్లా పోతదని నింపిన. నువ్వు గిట్ల మర్శిపోతవని నాకెర్కే," అంది చిన్నమ్మ, మెచ్చుకుంటానని చూస్తూ.

విషయం చెప్పగానే ఆమె ముఖం పాలిపోయింది. "శాపలు సస్తయా బిడ్డా?"

నల్లా నీళ్లలోని క్లోరిన్‌కు మందు నా దగ్గరుంది. ఉప్పదనమే పడిపోయింది. బకెట్టులో చేపలు ఎక్కువసేపు ఉండలేవు, దుకాణమా ఊరికి ఆ చివర. నిజం చెప్పాలంటే, ఆ క్షణాన భయంకన్నా ఉత్సాహమే ఎక్కువైంది, చదివిన లెక్కలన్నీ ఒక్కసారి పనికొచ్చినందుకు కాబోలు. కలిసిన నీళ్లలో పాతిక తోడేసి, మందు వేసి, మిగిలిన వాటిలో నా దగ్గరున్న సముద్రపు ఉప్పు పొడంతా కలిపితే సరిగ్గా సరిపోవాలి. తోడిన నీళ్లను సైతం చిన్నమ్మ పారబోయనివ్వలేదు. బాత్రూము కడగడానికని బకెట్లలో దాచిపెట్టింది.

ఉప్పు కరిగేదాకా ఆగాలి. చిన్నమ్మ అన్నం ముట్టకుండా బకెట్టు పక్కనే కూర్చుంది. "చెల్లె, జర చింతపండన్న నానబెట్టు, దేనికన్న మంచిది," అన్నాడు పై అంతస్తు మామ. "నీ నోట్ల మన్ను వడ," అని ఆమె తిట్టిన తిట్టుకు ఇల్లంతా నవ్వింది, ఆమె తప్ప.

సాయంత్రానికి కొలత సరిపోయింది. నీళ్లు నింపి, పంపు తిప్పి, బకెట్టులోకి కొత్త నీళ్లు కొంచెం కొంచెంగా పోసి అలవాటు చేశాక, చేపలనూ పగడాన్నీ తొట్టిలోకి వదిలాం. చేపలు ఆ మూల నుంచి ఈ మూలకు, ఇంత చోటు మాదేనా అన్నట్టు ఈదుతుంటే బాపు కూడా పిల్లాడిలా అద్దానికి ముక్కు ఆనించాడు. పగడం మాత్రం ముడుచుకునే ఉంది. మర్నాడు పొద్దున చిన్నమ్మ కేకకే అందరం లేచాం. పగడం అరచేతంత విచ్చుకుంది. దాన్ని చూడటానికి వాడకట్టంతా చెప్పులు విప్పి వచ్చింది.

ఇప్పుడు నా ఫ్లాటులో ఎప్పుడు తిప్పినా నీళ్లొస్తాయి. తొట్టిలో ఆవిరైన నీటిని యంత్రమే కొలిచి నింపుతుంది, నేను ఊళ్లో లేకపోయినా ఏ పొరపాటూ జరగదు. చిన్నమ్మ ఎప్పుడైనా వస్తే చేతులు వెనక్కి కట్టుకొని, అద్దానికి దూరంగా నిలబడి చూస్తుంది. ఎంత పిలిచినా దగ్గరికి రాదు. తర్వాత వంటింట్లోకి వెళ్లి ఎక్కడైనా ఏమైనా వెలితిగా ఉందేమోనని ఒకసారి కలియజూసి, చేయడానికేమీ కనపడక, తిరిగొచ్చి కుర్చీ అంచున చుట్టంలా కూర్చుంటుంది.