లేని మూడో నక్షత్రం

పోయిన ఆదివారం నాచారంలోని ఒక దవాఖానాలో మా సారు కన్నుమూశారు. "సార్ ఇగ లేరు బిడ్డా" అని అమ్మ, అంటే సారు భార్య, ఫోన్‌లో చెప్పినప్పుడు నేను ఉప్పల్ మెట్రో మెట్లు దిగుతున్నాను. జనం తోసుకుంటూ పోతున్నారు. నేను రెయిలింగ్ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

ఆయన ఖగోళ శాస్త్రవేత్త, నా పీహెచ్‌డీకి గైడు. ఈ రోజుల్లో శాస్త్రవేత్త ఎంతటివాడో తెలుసుకోవాలంటే ఎన్ని పేపర్లు రాశాడు, వాటికి ఎన్ని సైటేషన్లు వచ్చాయి, అంటే ఎంతమంది తమ పేపర్లలో వాటిని ప్రస్తావించారు అని అడుగుతారు. అలా చూస్తే మా సారుది పెద్ద పేరేమీ కాదు. రాసినవే తక్కువ. మేం తొందరపెడితే "రాయనీకి ఏమన్న ఉండాలె గదా" అనేవారు.

ఆయనకొక అలవాటుండేది. ప్రపంచంలో ఎవరు తన పేపర్‌ను ప్రస్తావించినా, వాళ్లు రాసింది మొదటినుంచి చివరిదాకా చదివేవారు. నాలాంటివాళ్లం అంకె పెరిగిందా లేదా చూసుకుని మురిసిపోయే రకం. ఆయన హబ్సిగూడలో ప్రింటు తీయించి, హోటల్లో చాయ్ ముందు పెట్టుకుని, పెన్సిల్‌తో గీతలు గీస్తూ కూర్చునేవారు. చాయ్ ఎలాగూ చల్లారిపోయేది. ఎందుకు సార్ ఇంత శ్రమ అంటే, "మన పేరు రాసిన్రంటే మనింటికొచ్చినట్టే. ఇంటికొచ్చినోళ్లను పలకరియ్యద్దా?" అనేవారు.

ఆయనకు పేరు తెచ్చింది ఒకే ఒక్క పేపరు. అది ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంట నక్షత్రాల గురించి. ఒకటి రెండోదానికి అడ్డం వచ్చినప్పుడల్లా వెలుగు తగ్గుతుంది. ఏళ్ల తరబడి ఆ వేళలు కొలిచి, అవి కొద్దికొద్దిగా ముందుకూ వెనక్కూ జరుగుతున్నాయనీ, కాబట్టి అక్కడ ఆ జంటను లాగుతున్న, కంటికి కనపడని మూడో నక్షత్రం ఉందనీ సారు రాశారు. ఆయన సైటేషన్లలో ముప్పాతిక దానివే. ప్రొఫెసర్ పదవికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది కూడా దాని బలం మీదే.

సరిగ్గా అప్పుడే ఎవరో విదేశీ విద్యార్థిని రాసిన పేపర్ వచ్చింది. సారును మెచ్చుకుంటూనే, అడుగున చిన్న అక్షరాల్లో, ఒక సీజన్‌లో, అంటే ఆ నక్షత్రాలు కనపడే ఒక ఏడాది నెలల్లో, సారు తీసిన కొలతలు మాత్రం తమవాటితో కలవడం లేదని రాసింది. చదవకపోతే సైటేషన్ ఒకటి పెరిగేది, అంతే. సారు చదివారు. పాత లెక్కలన్నీ ముందేసుకుని కూర్చున్నారు.

భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది కాబట్టి నక్షత్రపు వెలుగు మనకు కొన్ని నెలలు కాస్త ముందుగా, కొన్ని నెలలు కాస్త ఆలస్యంగా అందుతుంది. ప్రతి కొలతలోనూ ఆ తేడా సరిచేయాలి. ఆ ఒక్క సీజన్‌లో సారు ఆ తేడాను కలపాల్సిన చోట తీసేశారు. దాన్ని సరిదిద్దగానే మూడో నక్షత్రం మాయమైపోయింది.

తోటి లెక్చరరొకాయన గదిలోకొచ్చి బతిమాలాడు. "ఇంటర్వ్యూ అయినంక పత్రికకు సవరణ పంపు అన్నా. ఏం కొంపలు మునుగుతయి?"

"గప్పటిదాంక ఇంకెంతమంది లేని చుక్కను ఉన్నదని రాస్తరో. వాళ్లు పడ్డ మెహనత్ ఎవలు వాపసిస్తరు?" అన్నారు సారు. ఆ వారమే సవరణ పంపారు. మంచివీ చెడ్డవీ ఏవీ దాచకుండా తన కొలతలన్నీ దానికి జతచేశారు. తప్పు పట్టిన అమ్మాయికి కృతజ్ఞతలు చెప్పారు. పదవి రాలేదు. ఆ సంగతి తెలిసిన సాయంత్రం పేపర్ పొట్లంలో మిర్చి బజ్జీలు తెచ్చి మా అందరికీ పంచారు. "జర నవ్వుండ్రి. ఒక అబద్ధం తగ్గింది" అన్నారు. తన చేతులతో తన పేరును కూలగొట్టుకుని అంత తేలిగ్గా నవ్వగలిగిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

తర్వాత్తర్వాత ఆ కొలతలు ఎందరికో అక్కరకొచ్చాయి. పాత పేపర్ కన్నా సవరణకే సైటేషన్లు ఎక్కువయ్యాయి.

భూస్థాపన జరిగిన మర్నాడు పొద్దుగూకే వేళకు ఉప్పల్‌లో వాళ్లింటికి వెళ్లాను. అమ్మ నన్ను డాబా మీదికి తీసుకెళ్లింది. "ఆ జంట చుక్కలు ఏ దిక్కున ఉంటయి బిడ్డా?" అని అడిగింది. చెయ్యెత్తి చూపించాను. అటువైపే ఉన్న క్రికెట్ స్టేడియంలో మ్యాచ్ నడుస్తోంది. ఫ్లడ్ లైట్ల వెలుగుకు ఆకాశమంతా తెల్లబడి ఉంది.

"మామూలు కంటికి కనపడవమ్మా. లైట్లు లేకపోయినా అంతే" అన్నాను.

"నేనెన్నడు సూసిన?" అంది అమ్మ. "సార్ మూడోది ఉన్నదన్ననాడు నమ్మిన. లేదన్ననాడు ఇంకింత నమ్మిన."

స్టేడియంలో జనం ఒక్కసారిగా హోరెత్తారు. అమ్మ కొంగు భుజం చుట్టూ కప్పుకుని, నేను చూపించిన వైపే, ఏమీ కనపడని ఆ తెల్లటి ఆకాశంలోకి చూస్తూ నిలబడింది.